కొరికినవాడికే గది

పాపాఘ్ని విశ్వవిద్యాలయంలో పిల్లలు నిద్రలో పళ్లు కొరుకుతారన్న సంగతి వైస్ చాన్సలర్ గారికి తెలిసేదాకా అది మామూలు జబ్బే. కొరికేవాడు కొరికేవాడు, పక్కమంచం వాడు దిండు తీసి విసిరేవాడు, తెల్లారితే ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని మెస్‌కి పోయేవాళ్లు. ఆయనకి తెలిశాక అది పథకమైంది. జబ్బు జబ్బుగా ఉన్నంతకాలం ఏ మందుకో లొంగుతుంది. పథకమయ్యాక ఇంక దాన్ని నయం చేయడం ఎవడి తరం?

ఆ కొరికేవాళ్లలో మన ఓబులేసు ఒకడు. ఎం.ఏ. ఎకనామిక్స్ చివరి సెమిస్టర్. రాయచోటి అవతల పల్లె. పొడుగ్గా, సన్నగా, మేకపిల్లంత మెత్తని మనిషి. పగలు గట్టిగా దగ్గడానికి కూడా మొహమాటపడతాడు. నిద్రపోయాడంటే మాత్రం రోట్లో రాళ్లుప్పు వేసి నూరినట్టే. ముందుపళ్లు రెండూ అరిగి మొండిదేలాయి. దాంతో నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు.

పుట్టుకతో వచ్చిన అలవాటేం కాదది. రెండో సెమిస్టర్‌లో గణాంకాల పేపరు మూడు గంటలూ కూర్చుని రాశాడు, అడిషనల్ షీట్లు కూడా అడిగి తీసుకున్నాడు. ఫలితాల్లో ఆ పేపరుకి ఎదురుగా 'గైర్హాజరు' అని వచ్చింది. ఓబులేసు పరిగెత్తుకుంటూ పరీక్షల విభాగానికి పోయాడు. అక్కడ కిటికీ వెనకాల సూపరింటెండెంట్ పద్మనాభం గారుంటారు. ఆయన నోట్లో వక్కపలుకు ఉంటుంది, బల్ల మీద సీలు వేసిన పేపర్ల కట్టలుంటాయి.

"రాశానంటున్నావు, రుజువేది?" అన్నాడాయన.

"నా పేపరే రుజువు సార్. లోపల బండిల్లో ఉంటాది."

"గైర్హాజరైనవాడి పేపరు బండిల్లో ఎందుకుంటుందయ్యా?"

"హాల్లో సంతకం పెట్టించుకున్నారు గదా సార్, ఆ కాగితం చూడండి."

"అదీ బండిల్లోనే ఉంటుంది. గైర్హాజరైనవాడి కోసం బండిల్ విప్పే అధికారం నాకు లేదు. నువ్వు హాజరైనట్టు విశ్వవిద్యాలయం ముద్ర వేసిన కాగితం ఒకటి పట్టుకురా. అప్పుడు విప్పుతా."

ఆ కాగితం ఎవరిస్తారని అడిగితే, ఇంకెవరు, పరీక్షల విభాగమే ఇస్తుందన్నాడు. అట్లా ఏడాది గడిచింది. ఆ పేపరు పాసవకపోతే ఎం.ఏ. లేదు. ఎం.ఏ. లేకపోతే రాయచోటి జూనియర్ కాలేజీ వాళ్లు వాడి కోసమని ఆపిపెట్టిన ఉద్యోగం లేదు. వాళ్లమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "పాసైనావా నాయనా?" అని అడుగుతుంది. "ఇంకా రిజల్టు రాల్యామ్మా" అంటాడు. అమ్మతో అబద్ధం ఆడానని పగలంతా కుమిలిపోతాడు. పడుకున్నాక పళ్లు పని మొదలుపెడతాయి. ఆ గదిలో పక్క మంచాల పీరా, మద్దిలేటి మంచి స్నేహితులే గాని వాళ్లకీ చెవులున్నాయి గదా. "ఒరే ఓబులేసూ, ఆ పద్మనాభాన్ని పగలే కొరికి రారాదూ, రాత్రి మేం పడుకుంటాం" అని పీరా ఎగతాళి చేసేవాడు.

ఇట్లా ఉండగా వైస్ చాన్సలర్ గారు ఏదో పెద్ద ఊళ్లో, ఏదో పెద్ద హోటల్లో, ఏదో పెద్ద సదస్సుకి వెళ్లొచ్చారు. నిద్రలో పళ్లు కొరికే విద్యార్థుల్లో మనోవేదన ఎక్కువట, ఆ రెండింటినీ కలిపి చూడాలట, అని అక్కడ ఎవరో చెప్పారు. చెప్పినాయన సదుద్దేశంతోనే చెప్పాడు పాపం. మంచిమాటైనా వినేవాణ్ణి బట్టే ఉంటుంది కదా. వచ్చీ రాగానే మన వైస్ చాన్సలర్ గారు అత్యవసర సమావేశం పెట్టారు.

"పొరుగు విశ్వవిద్యాలయంవారు తమ విద్యార్థుల్లో నూటికి ముప్పైమంది పళ్లు కొరుకుతున్నట్టు నిండుసభలో సగర్వంగా ప్రకటించుకున్నారు. మన దగ్గర లెక్క కూడా లేదు. ఇది మనకు తలవంపులు కాదా?" అన్నారు.

రిజిస్ట్రారు గారు నొచ్చుకుని, "మనవాళ్లూ ఏం తక్కువ తినలేదు సార్. బాగానే కొరుకుతారు. కాకపోతే తగిన ప్రోత్సాహం లేక మరుగున పడిపోయారు" అని సర్దిచెప్పారు.

అంతే, అప్పటికప్పుడు 'నిద్రాదంతఘర్షణ మానసిక స్వాస్థ్య సమున్నత కేంద్రం' పుట్టింది. మనస్తత్వ శాస్త్ర విభాగంలో ఉన్న ఒక్క మేడం గారూ రిటైరైపోయి చాలాకాలమైంది. ఆవిడ గదిలో విరిగిన కుర్చీలు పెట్టుకున్నారు. అందుకని భూగర్భ శాస్త్ర విభాగం నుంచి ఆచార్య వైకుంఠరావు గారిని డైరెక్టరుగా వేశారు. రాళ్ల అరుగుదల మీద ముప్పైయేళ్లు పరిశోధన చేసిన మనిషికి పళ్ల అరుగుదల ఒక లెక్కా? కేంద్రానికి గది చిన్నది, బోర్డు పెద్దది. బోర్డు పట్టేదాకా పక్కనున్న వరండా గోడ పడగొట్టారు.

మొదట ఆరోగ్య కేంద్రం డాక్టరు గారిని సలహా అడిగారు. ఆయన, "నిద్రలో పళ్లు కొరికితే కడుపులో నులిపురుగులని మా నాయనమ్మ చెప్పేది" అన్నాడు. నాయనమ్మ మాట మినిట్స్‌లోకి ఎక్కింది. 'మానసిక స్వాస్థ్య వారోత్సవాలు' పేరుతో విశ్వవిద్యాలయమంతా నులిపురుగుల మాత్రలు పంచారు. పీహెచ్.డీ. చేస్తున్న ముప్పైయేళ్లవాళ్లని కూడా నోరు తెరిపించి, నాలుక ఎత్తించి, మింగారో లేదో చూశారు. వారం తర్వాత 'నులిపురుగులు గణనీయంగా తగ్గిన కారణంగా విద్యార్థుల్లో మనశ్శాంతి వెల్లివిరుస్తున్నది' అని నివేదిక పోయింది. ఓబులేసు మాత్ర మింగి యథాప్రకారం కొరికాడు.

తర్వాత సర్వే. దానికి వైకుంఠరావు గారు స్వయంగా కూర్చున్నారు. ఓబులేసుని ఎదుట కుర్చీలో కూర్చోబెట్టి, దవడ కింద వేలు పెట్టి చూసి, "మంచి నాణ్యమైన అరుగుదల. ఏ వైపు ఎక్కువగా కొరుకుతావు?" అన్నారు.

"నిద్రలో నాకెట్లా తెలుస్తాది సార్?"

"శబ్దం నిరంతరమా, విరామసహితమా?"

"సార్, నేనెందుకు కొరుకుతాండానో అడగండి సార్" అన్నాడు ఓబులేసు, ధైర్యమంతా కూడగట్టుకుని. "నేను రాసిన పరీక్షకి రాయలేదని వేసినారు. ఏడాదైంది. నాకు మనసు మనసులో ల్యాదు."

ఆచార్యుల వారు కళ్లజోడు తీసి, బొత్తిగా లోకజ్ఞానం లేని పిల్లాణ్ణి చూసినట్టు చూశారు. "అది పరీక్షల విభాగం నాయనా. మాది మనసు విభాగం. దాన్నీ దీన్నీ కలపకూడదు" అని చెప్పి, ఎడమవైపు అని రాసుకున్నారు.

ఇంతవరకూ ఎవరికీ ఉపకారం లేదు గాని అపకారమూ లేదు. అసలు గొడవ 'నిశ్శబ్ద నిలయం'తో మొదలైంది. కొరికేవాళ్లకి ప్రత్యేకంగా కొత్త హాస్టల్ అన్నమాట. తలా ఒక గది. తిరిగే ఫ్యానూ, నీళ్లొచ్చే కుళాయీ, తలుపుకి గడియా ఉన్నాయి. అరిగిన పళ్లకి తొడుగు, హాజరులో మినహాయింపు అదనం. ఒక గదిలో ఆరుగురు, ఒక బకెట్‌కి ముగ్గురు ఉన్నచోట ఈ కబురు చెవిన పడితే ఊరుకుంటారా? తెల్లారేసరికి విశ్వవిద్యాలయంలో కొరకనివాడు లేడు. క్లాసులో కునుకు తీసినవాడు కూడా దవడ ఆడిస్తున్నాడు. మెస్‌లో వంట చేసే ఆయన కూడా ఒక దరఖాస్తు పెట్టాడు.

దరఖాస్తులు ఎక్కువ, గదులు తక్కువ. తెలుగునాట అట్లాంటి చిక్కొస్తే ఏం చేస్తారు? ఎంట్రన్స్ పెడతారు. 'నిద్రాదంతఘర్షణ అర్హత పరీక్ష' అని నోటిఫికేషన్ ఇచ్చారు. అందులో కటాఫ్ ఉంది, రోస్టర్ ఉంది. గురక పెడితే నెగటివ్ మార్కు. కలలో మాట్లాడితే మాల్‌ప్రాక్టీసు. రాత్రిపూట డ్యూటీకి ఎవరూ రామన్నారు గనక పరీక్ష మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, ఆఫీసు వేళల్లో పెట్టారు.

ఎంట్రన్స్ అన్నాక కోచింగ్ లేకుండా ఉంటుందా? గేటు ఎదురుగా జెరాక్స్ షాపు మేడ మీద రంగనాథ్ సార్ బోర్డు కట్టేశాడు. నిన్నటిదాకా రీజనింగ్ చెప్పేవాడాయన. బోర్డు మీద 'గత సంవత్సరం మొదటి పది ర్యాంకుల్లో ఏడు మావే' అని రాయించాడు. గత సంవత్సరం అసలు పరీక్షే లేదు కదా అని మద్దిలేటి అడిగితే, "మిగతా మూడూ ఎవరివని అడగలేదేం?" అని ఎదురు ప్రశ్న వేశాడు. ఆ తెలివికి మెచ్చి మద్దిలేటి, పీరా ఇద్దరూ చేరిపోయారు. రోజూ సాయంత్రం చాపలేసుకుని పడుకుని కళ్లు మూసుకుని కొరకడమే. వారం వారం గ్రాండ్ టెస్టు.

స్నేహితుడు కదా అని పీరా ఓబులేసుని కూడా లాక్కుపోయాడు. అక్కడ చాప మీద వాడికి నిజంగానే కన్నంటుకుంది. మేడ కింద జెరాక్స్ మిషను చెడి గరగరలాడుతోందనుకుని, తీరా శబ్దం పైనుంచని తెలిసి ఒకాయన పైకొచ్చి చూశాడు. అదీ మనవాడి సత్తా. రంగనాథ్ సార్ మాత్రం పెదవి విరిచాడు.

"నీది నాటు పద్ధతి తమ్ముడూ. సరుకుంది గాని టెక్నిక్ లేదు. మొదట్లోనే ఇట్లా దంచేస్తే చివరి అరగంటకి ఏం మిగులుతుంది? మెల్లగా అందుకోవాలి, మధ్యలో రెండు గుటకలు వేయాలి, అప్పుడు సహజంగా ఉంటుంది."

"నాది సహజమే గదా సార్!"

"పరీక్షలో సహజంగా ఉండేదానికి కాదు, సహజంగా అనిపించేదానికి మార్కులు" అన్నాడాయన. ఓబులేసు కోచింగ్ మానేశాడు. ఏడాదిగా చేస్తున్న పనికి కొత్తగా శిక్షణేంటని వాడి ధీమా.

పరీక్ష రోజు సెమినార్ హాల్లో వరసగా మంచాలు వేశారు. మంచానికో మైకు వేలాడగట్టారు. ఇన్విజిలేటరు గారు లేచి నిలబడి, "విద్యార్థులు రెండు గంటలకు నిద్రకు ఉపక్రమించాలి. పక్క మంచం వైపు తిరిగి పడుకోరాదు. దుప్పటి ముసుగు పెట్టరాదు, దవడ పరిశీలకులకు కనిపించాలి. సమయం కంటే ముందు మేలుకున్నవారు కూడా చివరి గంట కొట్టేవరకు మంచం విడిచి వెళ్లరాదు" అని నియమాలు చదివారు.

తర్వాత ఆయన మంచం మంచానికీ తిరిగి సంతకాలు పెట్టించుకున్నారు. ఓబులేసు సంతకం పెట్టాడు గాని ఆ కాగితం వదల్లేదు.

"సార్, ఇది యాడ పెడతారు?"

"ఎక్కడ పెడతాం, సీలు వేసి బండిల్లో."

బండిల్ అన్న మాట చెవిన పడ్డాక ఇంకెక్కడి నిద్ర? కళ్లు మూసుకుంటే పద్మనాభం, తెరిస్తే మైకు. చుట్టుపక్కల మంచాల మీద రంగనాథ్ సార్ శిష్యులు శాస్త్రోక్తంగా మొదలుపెట్టారు. పీరా అయితే మెల్లగా అందుకుని, రెండు గుటకలు వేసి, పెళ్లిలో సన్నాయి వాయించినట్టు వాయించాడు. పరిశీలకులు తలలూపారు. కొరకడం కోసం పుట్టినట్టున్న ఓబులేసు మాత్రం కొయ్యబారి పడుకుని పైకప్పు చూస్తూ గడిపాడు. ఏడుపొచ్చింది. ఏడిస్తే నెగటివ్ మార్కేమోనని అదీ మింగాడు.

ఫలితాలు అతికించారు. పీరాకి మొదటి ర్యాంకు, మద్దిలేటికి నాలుగు. ఓబులేసు నంబరుకి ఎదురుగా 'గైర్హాజరు' అని ఉంది.

వాడు డైరెక్టరు గారి దగ్గరికి పరిగెత్తాడు. "సార్, నేను వచ్చినా! మంచం మీదనే ఉండా! మీరే చూసినారు గదా!"

"చూశాను నాయనా. కానీ ఈ పరీక్ష నిద్రలో జరిగింది. నిద్రపోనివాడు పరీక్షకి రానట్టే కదా, తర్కం ఆలోచించు" అన్నారు వైకుంఠరావు గారు, ఎంతో ఓపికగా.

పోనీలే, పాత గదిలోనే పడి ఉందామనుకున్నాడు ఓబులేసు. గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు, వార్డెన్ లోకనాథం గారు గది ముందు నిలబడి ఉన్నారు. కొరికేవాళ్లకి వేరే హాస్టల్ ఇచ్చాక పాత హాస్టళ్లలో ఇంకా కొరుకుడు వినబడితే పథకం విఫలమైనట్టు కదా. అందుకని మిగిలిన హాస్టళ్లన్నీ 'ఘర్షణరహిత మండలాలు'గా ప్రకటించబడ్డాయి.

"నీ మీద గట్టి సమాచారం ఉంది. నువ్వు కొరుకుతావు. వెంటనే ఖాళీ చెయ్యి" అన్నారు వార్డెన్ గారు.

"నేను కొరకనని కేంద్రం వాళ్లు రాసిచ్చినారు సార్!"

"నువ్వు గైర్హాజరని రాశారు. కొరకవని రాయలేదు."

"అట్లయితే యాడికి పొయ్యేది సార్? కొరుకుతానని మీరు బయటికి పంపుతాండారు. కొరకనని వాళ్లు లోపలికి రానియ్యరు. నేను మనిషినా, కాదా?"

"దానికి వేరే విభాగముంది" అని లోకనాథం గారు గది తాళం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ వెళ్లిపోయారు. ఆ విభాగమేదో మాత్రం చెప్పలేదు.

ఓబులేసు ట్రంకుపెట్టె గ్రంథాలయం మెట్ల పక్కకి చేరింది. పీరా సంగతి తెలిసి పరిగెత్తుకొచ్చాడు. "నీ గది నేను తినేసినాన్రా" అని వాడి చేతులు పట్టుకున్నాడు. నిశ్శబ్ద నిలయంలో గోడకి మైకులు పెట్టారట, ఇంకొకణ్ణి రానిస్తే ఇద్దరి శబ్దాలు కలిసిపోయి రికార్డు పాడవుతుందట, లేకపోతే తన మంచం ఇచ్చేవాడినన్నాడు. వాడు నిజంగానే ఇచ్చేవాడు. "నీ తప్పేముందిలే మామా" అన్నాడు ఓబులేసు. పోతూ పోతూ పీరా చెంప పట్టుకుని, "ఒకటి చెప్తా, ఎవరికీ అనొద్దు. పరీక్ష అయిపోయినా ఈ కొరుకుడు ఆగడంల్యా రా. దవడ పీకుతాంది" అన్నాడు.

ఉండడానికి చోటు లేకపోయినా తిరగడానికి పరీక్షల విభాగం ఉంది గదా. అక్కడ పద్మనాభం గారి కిటికీ ముందు ఒక పాత బెంచీ ఉంది, పైన ఫ్యాను ఉంది. మెట్ల మీద నిద్ర లేక కళ్లు మండుతున్న ఓబులేసు పొద్దున్నే పోయి ఆ బెంచీ మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఒరిగాడు. ఒరిగినవాడు నిద్రపోయాడు. ఇన్నాళ్ల బాధా ఒక్కసారి దవడల్లోకి దిగింది.

లోపల గుమాస్తాలు బెదిరిపోయారు. "ఎలుకలు! బండిళ్లు కొరికేస్తున్నాయి!" అని ఎవరో అరిచారు. ఏడాదిగా మంచినీళ్లకి తప్ప లేవని పద్మనాభం గారు కుర్చీ ఎక్కి నిలబడ్డారు. బోన్లు తెప్పించారు, అందులోకి మసాలా వడలు తెప్పించారు. వడలు బోన్లోకి పోయేలోగా సగం అయిపోయాయి, అది వేరే సంగతి. బీరువాలన్నీ జరిపి చూస్తే, గోడవతల బెంచీ మీద ఓబులేసు.

"కార్యాలయ విధులకు దంతమూలక ఆటంకం" అని ఫిర్యాదు పోయింది. మర్నాడే ఓబులేసుని సమున్నత కేంద్రం సంఘం ముందు నిలబెట్టారు. వైస్ చాన్సలర్ గారు మధ్యలో, అటు రిజిస్ట్రారు గారు, ఇటు వైకుంఠరావు గారు.

వైకుంఠరావు గారి ముఖం వెలిగిపోతోంది. "గోడవతలికి వినబడిందట సార్! ఇటువంటి ఘర్షణ మన విశ్వవిద్యాలయ చరిత్రలోనే లేదు. ఇతనికి ప్రత్యేక పరిస్థితుల కింద గది ఇవ్వాలని నా సిఫారసు. ఏదీ బాబూ, సభవారి కోసం ఇక్కడొకసారి నిద్రపోయి చూపించు."

"నాకు గదొద్దు సార్" అన్నాడు ఓబులేసు. గొంతు వాడికే కొత్తగా వినబడింది. "నా పేపరు చూడండి. అంతే. నేను రాసినా. మూడు గంటలు రాసినా. మా అమ్మకి ఏడాది నుంచి అబద్ధం చెప్తాండా సార్. ఆ బండిల్ ఒక్కటి విప్పితే నేను ఈ జన్మలో కొరకను."

సంఘంవారు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కొరకనంటాడేమిటి వీడు? కేంద్రం గతేం కావాలి?

"భావోద్వేగాలు వద్దు. విషయానికి రా. కుడివైపా, ఎడమవైపా?" అన్నారు వైస్ చాన్సలర్ గారు.

అప్పుడు మొదలైంది. పళ్ల మధ్య నుంచి, మెల్లగా, రోట్లో రాళ్లుప్పు. వైకుంఠరావు గారు ఆనందంతో ముందుకి వంగారు. రిజిస్ట్రారు గారు మాత్రం చెయ్యెత్తారు.

"ఒక్క నిమిషం. విద్యార్థి కళ్లు తెరిచే ఉన్నాయి."

నిజమే. ఓబులేసు నిలబడి, కళ్లింత చేసుకుని, వాళ్లనే చూస్తూ కొరుకుతున్నాడు.

వైకుంఠరావు గారు నీరసించిపోయారు. "నియమావళిలో నిద్ర అని స్పష్టంగా ఉంది. మెలకువలో కొరికితే అది మానసిక సమస్య కాదు, క్రమశిక్షణ సమస్య" అని కలం మూత పెట్టేశారు.

క్రమశిక్షణ సంఘంలోనూ ఈ ముగ్గురే సభ్యులు. మళ్లీ ఇంకోరోజు టీ, బిస్కెట్ల ఖర్చెందుకని, లేచి బల్లకి అవతలి వైపు కూర్చుని అప్పటికప్పుడే విచారణ జరిపించారు. ఓబులేసుని మందలించి వదిలేశారు. మినిట్స్‌లో ఏ విచారణకైనా ముందుగా రాసే వాక్యమే రాశారు: 'సదరు విద్యార్థి ఓబులేసు, హాల్ టికెట్ నంబరు ఫలానా, హాజరయ్యాడు.' కింద రిజిస్ట్రారు గారి సంతకం, గుండ్రటి ముద్ర. నియమం ప్రకారం దాని నకలు ఒకటి పరీక్షల విభాగానికి కూడా పంపాలి. అటెండరు సెలవు. "పోతూ పోతూ నువ్వే ఇచ్చెయ్" అని ఓబులేసు చేతికే ఇచ్చారు.

చచ్చినట్టు పట్టుకుపోయి కిటికీలోంచి అందించాడు. పద్మనాభం గారు వక్క బుగ్గన పెట్టుకుని నంబరు చూశారు. హాజరు అన్న మాట చూశారు. ముద్ర మీద వేలితో రుద్ది చూశారు. దేనికి హాజరన్నది చూడలేదు, అది చూడడం ఆయన పని కాదు.

"ఇదేనయ్యా ఏడాదిగా నేను మొత్తుకుంటున్నది! ఈ కాగితం ముందే తెచ్చుంటే నీకూ నాకూ ఈ తిప్పలుండేవా? చదువుకున్న పిల్లలకి ఓపిక లేదు, చెప్తే వినరు" అని విసుక్కుంటూ బండిల్ విప్పారు. ఓబులేసు పేపరు పైనుంచి రెండోది. ఎప్పుడో దిద్ది వేసిన మార్కులు టీ చల్లారేలోగా రికార్డుకెక్కాయి. మంచి మార్కులే.

ఓబులేసు ఆ బెంచీ మీదే కూర్చుని వాళ్లమ్మకి ఫోన్ చేశాడు. "అమ్మా, పాసైనా" అన్నాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. అవతల ఆమె కూడా ఏడ్చింది.

ఆనాటి నుంచి వాడు కొరకలేదు. కొరకనివాడు గనక పాత హాస్టల్లో మంచం ఇచ్చారు. నిశ్శబ్ద నిలయంలో మాత్రం పీరా, మద్దిలేటి, మిగతా ర్యాంకర్లందరూ ఇప్పుడు నిజంగానే కొరుకుతున్నారు. నేర్చుకున్న విద్య ఊరికే పోతుందా? పీరాకి వెనకపన్ను ఒకటి చిట్లింది కూడాను. ఇంత మంది నమ్మకంగా కొరుకుతున్నందుకు పొరుగు విశ్వవిద్యాలయాన్ని దాటేశామని వైస్ చాన్సలర్ గారు మళ్లీ ఏదో హోటల్లో ప్రకటించొచ్చారు.

ఓబులేసు కొరకడం మానేశాడన్న కబురు మూడోవారానికి కేంద్రానికి చేరింది. వైకుంఠరావు గారు ఎగిరి గంతేశారు. వార్షిక నివేదిక అట్ట మీద 'మా కేంద్రం స్వస్థపరచిన తొలి విద్యార్థి' అని వేయాలి, ఫోటో కావాలి. బోర్డు కింద కుర్చీలు వేశారు. వైస్ చాన్సలర్ గారు వాడి భుజం మీద చెయ్యేశారు. నీకు ఏ చికిత్స వల్ల నయమైందని ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు.

"కేంద్రం ఆశయం ఫోటోలో ప్రస్ఫుటంగా కనిపించాలి. పళ్లు కనబడేలా హాయిగా నవ్వు నాయనా" అన్నారు వైకుంఠరావు గారు.

ఏడాదిలో మొదటిసారి ఓబులేసుకి నిజంగానే నవ్వాలనిపించింది. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నోరారా నవ్వాడు. మొండిదేలిన ముందుపళ్లు రెండూ ఎండలో బయటపడ్డాయి.

ఫోటోగ్రాఫరు కెమెరా దించాడు. వైస్ చాన్సలర్ గారి ముఖం చూశాడు, వైకుంఠరావు గారి ముఖం చూశాడు, మళ్లీ ఓబులేసు దగ్గరికొచ్చి చెవిలో మెల్లగా చెప్పాడు.

"తమ్ముడూ, ఏమనుకోకు. నోరు మూసుకుని నవ్వు."